కోడలి తరఫు అత్తగారు

పోయిన వర్షాకాలంలో ఒక సోమవారం ఉదయం, కోర్టు హాల్లో కేసులు పిలుస్తుండగా నా ఫోను వణికింది. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"లాయరమ్మగారూ, మా అత్తగారు పోయేరండీ" అంది అవతలి గొంతు.

చట్టం లెక్కన ఆ పిల్లకి ఆవిడ అత్తగారు కాకుండా పోయి నాలుగేళ్ళయింది. విడాకుల డిక్రీ తెచ్చి చేతిలో పెట్టింది నేనే. అయినా ఆ పిల్ల నోట ఆవిడకి ఇంకో పిలుపు ఎన్నడూ రాలేదు. నేను హాల్లోకి తిరిగి వెళ్ళలేకపోయాను. వరండాలో కక్షిదారుల బల్ల మీద, వాళ్ళ మధ్యే కాసేపు కూర్చుండిపోయాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. నా దగ్గరికి వచ్చినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదన్నది మా వృత్తి నియమం. ఆ నియమం లేకపోయినా రాసేదాన్ని కాదు. ఆ పేరు ఊళ్ళో నలుగురి నోళ్ళలో పడుతుందనే ఆవిడ అంతకాలం వణికిపోయింది.

మొదటిసారి చూసినప్పుడు నేను ప్రాక్టీసులో రెండో ఏడు. అమలాపురం కోర్టు ఆవరణలో ఉచిత సలహాల కోసం ఒక గది ఉండేది. శుక్రవారాలు అక్కడ కూర్చోమని మా సీనియర్ గారు నన్ను పంపేవారు. కిటికీలోంచి కుళాయి కనిపించేది. ఆ కుళాయి దగ్గర ఒక పొట్టి ముసలావిడ, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చీలమండల పైకి దోపిన చీర, అదేపనిగా చేతులు తోముకుంటోంది. కొంగున కట్టుకొచ్చిన సబ్బుముక్కతో తోముకోవడం, అరచేతులు వాసన చూసుకోవడం, మళ్ళీ తోముకోవడం. తరవాత వచ్చి గది గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

"కుర్చీలో కూర్చోండి మామ్మగారూ."

"వద్దండీ. చేపలమ్ముకుని వస్తన్నానండీ. నీసు వాసన. నా తరవాత కూర్చునేవోళ్ళకి ఇబ్బందండీ."

ఆవిడ వంతు వచ్చింది. ఈలోగా ఎవరో బాలింత, చంకలో బిడ్డతో, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. ముసలావిడ వెంటనే "ముందు ఆవిణ్ణి చూడండమ్మా, నాది తొందరేం లేదు" అంది. ఆ రోజు అలా ముగ్గురికి వంతు వదిలేసింది. తరవాత కూడా వచ్చిన ప్రతిసారీ అదే మాట. నా జీవితంలో నేను చూసిన అత్యంత తొందరైన పని మీద వచ్చిన మనిషి, ప్రతిసారీ తొందరేం లేదనే అంది.

చివరికి నా ముందుకి వచ్చాక అడిగాను, ఏం పని మీద వచ్చారని.

"మా పిల్లకి విడుదల ఇప్పించాలండీ."

"విడుదలా? జైల్లో ఉందా?"

"లేదండీ. ఇంట్లోనే ఉంది. మొగుడి దగ్గర్నించండీ."

విడాకులు అనే మాట ఆవిడకి తెలియక కాదు. ఆఖరిదాకా విడుదల అనే అంది. నేను ఫారం తీసి ఆవిడ పేరు, ఊరు రాసుకున్నాను. ముమ్మిడివరం దాటి, ఏటిపాయ సముద్రంలో కలిసే వైపు చిన్న ఊరు. పిల్ల వయసు ఇరవైనాలుగు. పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలా అని అడిగితే "నిలవలేదండీ" అని కిటికీ వైపు చూసింది.

"భర్త ఏం చేస్తాడు?"

"రొయ్యల చెరువుల మీదండీ. మేత జల్లుతాడు."

"తాగుతాడా?" ఇది మేం అందర్నీ అడిగేదే.

"తాగుతాడండీ. తాగితే కొట్టడండీ, పడి నిద్రపోతాడు. తెలివిలో ఉన్నప్పుడే కొడతాడు."

నా కలం ఆగింది. అతని తల్లిదండ్రులు ఆపరా అన్నాను.

"తండ్రి లేడండీ. సముద్రం మీద ఏటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి పిల్లోడు ఇంతుండేవోడు" అని అరచెయ్యి మోకాలంత ఎత్తులో పెట్టి చూపించింది. "తల్లుందండీ. అడ్డం ఎళ్తాదండీ. ఆగడు."

"ఆవిడ పేరు కూడా చెప్పండి. అవసరమైతే ఆవిణ్ణి కూడా కేసులో పెట్టాలి."

చెప్పింది. రాయబోయి ఆగాను. ఆ పేరు ఫారం మొదటి గీత మీద అప్పటికే ఉంది. తలెత్తి చూశాను.

"నేనేనండీ" అంది. "అది నా కోడలు. వాడు నా కొడుకండీ."

అత్తగారి మీద ఫిర్యాదులతో వచ్చినవాళ్ళని ఆ గదిలో వారానికి పదిమందిని చూసేదాన్ని. కోడలికి విడాకులిప్పించమని వచ్చిన అత్తగారిని ఎక్కడా చూడలేదు. ఆవిణ్ణి అక్కడే ఉండమని సీనియర్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా "భార్య రాకుండా, సంతకం పెట్టకుండా విడాకుల పిటిషను ఎలా వేస్తావమ్మా? ఆ అమ్మాయిని రమ్మను" అన్నారు. అదే వచ్చి చెప్పాను.

"ఆయ్" అంది.

మా కోనసీమలో ఆయ్ అనని మనిషి ఉండడు. చెప్పిన ప్రతిదానికీ మర్యాదగా ఒప్పుకోవడమే అది. ఆవిడ ఆయ్‌లు మాత్రం రెండు రకాలు. ఒకటి పొట్టిది, అర్థమైందని. రెండోది కాస్త సాగదీసి, గొంతు చివర దించేసేది. అర్థమైంది గానీ నా పని అవ్వలేదని. నా దగ్గర ఆవిడ ఎక్కువగా అన్నది రెండోదే.

రెండు వారాల తరవాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ కుళాయి, మళ్ళీ సబ్బుముక్క, మళ్ళీ నేల. ఈసారి ప్రశ్న మారింది.

"ఏలిముద్ర ఏయించుకొస్తే సరిపోద్దాండీ?"

"సరిపోదు మామ్మగారూ, మనిషి రావాలి. ఎందుకు రాదు?"

"రానంటందండీ." కారణం చెప్పలేదు. కాసేపు చీర అంచు వేలికి చుట్టుకుని, "పోనీ ఇంకోటడుగుతానండీ. ఈ పెళ్ళి చేసింది నేను. అంతర్వేది దగ్గరికెళ్ళి సమ్మంధం చూసింది నేను. పిల్లకి తల్లీతండ్రీ లేరు, మేనమామ దగ్గర పెరిగింది. మావోడు మంచోడని ఆయనకి చెప్పింది కూడా నేనేనండీ. చేసినోళ్ళకి తెంపే అక్కు ఉండదాండీ?" అంది.

ఉండదని చెప్పాను. అప్పటికే ఆవిడ కులపెద్దల దగ్గరికి వెళ్ళొచ్చింది. పోలీసు స్టేషన్‌కీ వెళ్ళొచ్చింది. "పిలిచి మందలించేరండీ. ఆ మందలింపంతా ఇంటికొచ్చాక మాకు పడిందండీ" అంది. 'మాకు' అంది. 'దానికి' అనలేదు. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. నా కళ్ళు గోడ మీద గడియారాన్ని చూస్తున్నాయి. ఇంకా ఐదారుగురు బయట ఉన్నారు.

మూడోసారి వచ్చినప్పుడు ఎండ మండిపోతోంది. మనిషి కాస్త వాడిపోయి ఉంది. ఏం అడగాలో దారంతా కూడదీసుకుని వచ్చినట్టుంది, కూర్చోగానే అడిగేసింది.

"మొగుడికి విడుదలిచ్చినట్టు, కొడుక్కి ఇచ్చే కాయితం ఏదన్నా ఉందాండీ?"

నేను నవ్వాను. ఈ సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, దాటేస్తే ఆవిడ గురించి రాయడం ఎందుకు? నాకు ఇరవయ్యారేళ్ళు, అది తమాషాగా అనిపించింది, నవ్వాను. నేను ఇబ్బంది పడకూడదని ఆవిడ కూడా నాతోపాటు నవ్వింది. అలాంటి కాగితం లేదు మామ్మగారూ అన్నాను. సాగదీసిన ఆయ్ అని లేచి, సబ్బుముక్క కొంగున కట్టుకుని, ఎండలోకి వెళ్ళిపోయింది.

తరవాత ఆరు వారాలు రాలేదు. నిజం చెప్పాలంటే నేను ఆవిణ్ణి మరిచిపోయాను.

నాలుగోసారి వచ్చినప్పుడు కుళాయి దగ్గర ఆగలేదు. నేరుగా గుమ్మంలోకి వచ్చింది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. పక్కన సన్నగా, పొడుగ్గా ఒక అమ్మాయి. ఎడమ చెవిలో దూది. నేను ఎడమవైపు నిలబడి "రామ్మా, కూర్చో" అన్నాను. కదల్లేదు. మళ్ళీ అన్నాను. ముసలావిడ ఆ పిల్ల భుజం తట్టి నా వైపు తిప్పింది.

"ఆ పక్క నించి ఇనపడదండీ దానికి. పోయిన నెల్లో పోయిందండీ" అంది.

కాకినాడ ఆసుపత్రిలో చూపించారట. తిరిగి రాదన్నారట. నాకు కోపం వచ్చింది. అది ఎవరి మీదో ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు ఆ పిల్ల మీద చూపించాను.

"ఈవిడ ఎండనక వాననక నీ కోసం మూడుసార్లు తిరిగారమ్మా. ముందే ఎందుకు రాలేదు నువ్వు?"

ఆ పిల్ల నా పెదాల వైపు చూస్తూ విని, మెల్లిగా చెప్పింది.

"నేను బయటికొచ్చేస్తే ఇంట్లో ఈవిడొక్కరే మిగులుతారండీ ఆయనకి."

"అంటే?"

"అదేం లేదండీ, చిన్నపిల్ల, దానికేం తెలీదు" అని ముసలావిడ కంగారుగా అడ్డం వచ్చింది. కోడలు ఒంగి, అత్తగారి కొంగు కిందనుంచి కుడిచెయ్యి బయటికి తీసి నా బల్ల మీద పెట్టింది. మణికట్టు వాచి, నల్లగా కమిలిపోయి ఉంది.

"పంపు దగ్గిర జారేనండీ" అంది ముసలావిడ.

"తెడ్డుతో కొట్టేరండీ. నాకు అడ్డం వచ్చినందుకు" అంది కోడలు. "ఇదే మొదలు కాదండీ."

మూడు శుక్రవారాలు ఆ మనిషి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. మిమ్మల్ని కూడా కొడతాడా అని నేను ఒక్కసారీ అడగలేదు. ఇంట్లో హింసకి గురైన ఏ ఆడమనిషైనా, భార్యే కానక్కర్లేదు, తల్లి కూడా తన కొడుకు మీద కోర్టుకి రావచ్చని చట్టంలో ఉంది. అది నేను చదివాను. పరీక్షలో రాశాను. మార్కులు తెచ్చుకున్నాను. భార్య తరఫున వేరొకరు కూడా ఆ అర్జీ పెట్టచ్చని కూడా అందులోనే ఉంది. ఆవిడ విడాకుల గురించి అడిగింది కాబట్టి నేను విడాకుల గురించే జవాబు చెప్పాను. మందలింపు మాకు పడిందని ఆవిడ అన్న రోజునే నేను తలెత్తి ఉంటే, ఆ పిల్ల ఈ రోజు రెండు చెవులతో వినేది.

ఇద్దర్నీ తీసుకుని సీనియర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అత్తా కోడలూ ఇద్దరూ ఒకే వైపా?" అన్నారు. కాసేపాగి, "కూర్చో, నేనే చెబుతాను, రాయి" అని పిటిషను ఆయనే చెప్పి రాయించారు. మొదటి అర్జీదారు తల్లి, రెండో అర్జీదారు భార్య.

వేలిముద్ర వెయ్యాల్సి వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. బొటనవేలికి సిరా పూసి ఉంది. కాగితం మీదికి రావడం లేదు.

"ఇదేస్తే వాణ్ణి జైల్లో పెడతారాండీ?"

"ఇప్పుడే కాదు. ముందు ఇంట్లోంచి పంపించెయ్యమని అడుగుతున్నాం. ఇంటి పట్టా మీ పేరు మీదే కదా. మళ్ళీ మీ జోలికి వస్తే అప్పుడు జైలు."

"ఇదేస్తే నేను వాడికి అమ్మని కాకుండా పోతానాండీ?"

"పోరు మామ్మగారూ."

ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు నేలకేసి చూస్తోంది. వేలు కాగితం మీద పెట్టి, గట్టిగా నొక్కి, తీసిన తరవాత ఆ ముద్ర వైపు చాలాసేపు చూసింది.

కొడుకుని నేను మొదటిసారి చూసింది కోర్టులోనే. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ లేని తెల్లచొక్కా వేసుకుని, నన్ను మేడం అని పలకరించి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. సాక్ష్యం రోజున ఆవిణ్ణి బోనులో నిలబెట్టారు. ప్రతివాది ఎవరో చూపించమని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఆవిడ చెయ్యి ముందు మోకాలి దగ్గరికి పోయింది, చిన్నపిల్లాడి ఎత్తు చూపించడానికి పోయినట్టు. అక్కణ్ణించి పైకి లేచి కొడుకు వైపు తిరిగింది.

ఎదుటి లాయరు గారు మర్యాదస్తుడే. అయినా ఆయన పని ఆయన చెయ్యాలి. "కోడలి మాటలు విని కన్నకొడుకు మీద అబద్ధాలు చెబుతున్నారు, అవునా?" అన్నారు.

"లేదండీ" అంది. "అబద్ధం చెప్పాలంటే వాడు కొట్టలేదని చెప్పాలండీ. ఊళ్ళో నాలుగేళ్ళూ అదే చెప్పేనండీ."

ఆయన కూర్చున్నారు. బోను దిగి వరండాలోకి వచ్చాక ఆవిణ్ణి కోడలు పట్టుకుని కూర్చోబెట్టింది. నేను మంచినీళ్ళ సీసా ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, "వాడు చిక్కిపోయేడండీ" అంది. కోడలు వింటోందని గుర్తొచ్చినట్టుంది, చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల ఆవిడకి ఎడమవైపు కూర్చుని ఉంది. కుడిచెవి అత్తగారి వైపే ఉంది. విందో లేదో నాకు తెలియదు.

ఆర్డరు వచ్చింది. అతను ఇల్లు వదిలి వెళ్ళాలి, ఆ ఇద్దరి దగ్గరికీ రాకూడదు, కొట్టకూడదు, బెదిరించకూడదు. వెళ్ళిపోయాడు. పనిచేసే చెరువుల గట్టు మీదే షెడ్డులో ఉంటున్నాడన్నారు. ఆ తరవాత కోడలు విడాకులకి వేసింది. అతను వాయిదాలకి రాలేదు. ఏడాది తిరక్కుండా డిక్రీ అయింది.

డిక్రీ అయిన కొన్నాళ్ళకి ఆవిడ ఒక్కతే వచ్చింది. అదే నేను ఆవిణ్ణి ఆఖరుసారి చూడటం. ఉచిత సలహాల గదికి కాదు, నా సొంత ఆఫీసుకి. ఇక్కడ కూడా కుర్చీ ఎక్కలేదు.

"దానికి విడుదలొచ్చేసింది కదండీ. ఇప్పుడు నేను దానికి ఏవవుతానండీ?"

"చట్టప్రకారం ఏమీ కారు మామ్మగారూ."

"మరి అది నా ఇంట్లోనే ఉంటంది. అత్తా అనే పిలుస్తంది. తప్పవుద్దాండీ?"

"ఏం తప్పూ లేదు."

"ఆయ్" అంది, పొట్టిగా. సంతోషించాను. కానీ లేవలేదు. బొడ్లో దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు మడతల కాగితం. పాత ఆర్డరు, ఇల్లు వదిలి వెళ్ళమన్నది.

"ఇది మొత్తం సదివి చెప్పండమ్మా. ఒక్క ముక్క వదలకుండా."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"వాడికి నేను కూడెట్టకూడదని ఎక్కడన్నా ఉందాండీ?"

నాకు ముందు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆర్డరొచ్చిన మూడో ఆదివారం నుంచీ క్యారేజీలో అన్నం, చేపల పులుసు పట్టుకుని చెరువుగట్టుకి వెళ్తోంది. షెడ్డు బయట స్తంభానికి తగిలించి వచ్చేస్తుంది. పిలవదు. మాట్లాడదు. వచ్చే ఆదివారానికి ఖాళీ క్యారేజీ అక్కడే వేలాడుతుంటుంది.

"కడిగి పెడతాడండీ" అంది.

"మీ కోడలికి తెలుసా?"

"అమ్మో, చెప్పకండమ్మా! దాని చెవి తీసేసింది వాడు. దాని కడుపు నిలవకుండా చేసింది కూడా వాడేనండీ. ఆళ్ళ మావయ్య దగ్గిర్నించి నన్ను నమ్మి వచ్చిందండీ అది. నేనెళ్ళి వాడికి పులుసు పోస్తన్నానని తెలిస్తే దాని మొహం ఎలా చూస్తానండీ?" ఖాళీ కవరు చేత్తో సాపు చేసింది. "మానేద్దావనుకుంటానండీ. శనారం దాకా మానేసినట్టే ఉంటాది. ఆదివారం తెల్లారేసరికి కాళ్ళు ఆగవండీ. ఇది దానికి ద్రోహం అవుద్దాండీ?"

"ఆర్డరులో అలా ఎక్కడా లేదు మామ్మగారూ. మీరు నిశ్చింతగా ఉండండి."

"నేనడిగింది అది కాదండీ" అంది.

కాసేపు నా జవాబు కోసం చూసి, కాగితం అవే మడతల్లో పెట్టుకుని లేచింది. మెట్లు దిగుతూ నాకు వినిపించేలా, చివర దించేసి, ఆయ్ అంది.

ఫోను వచ్చిన పది రోజులకి వాళ్ళ ఊరు వెళ్ళాను. ముమ్మిడివరం దాటాక కొబ్బరితోటలు పలచబడి, రోడ్డుకి రెండు వైపులా చెరువులు మొదలవుతాయి. ఆ చెరువుల చివర ఇల్లు. కోడలు అరుగు మీద చాప వేసింది. నేను ఆ పిల్లకి కుడివైపు కూర్చున్నాను. అత్తగారికి నాలుగు రోజుల జ్వరమేనట, ఆసుపత్రిలో చేర్చిన సాయంత్రమే పోయిందట. తలకొరివి కొడుకే పెట్టాడట.

"ఇంటికి వచ్చాడా?"

"గుమ్మం ఎక్కలేదండీ. రోడ్డు మీదే నించున్నారు. శవం లేచాక ఎనకాల వచ్చేరు. నేనూ చూడలేదు, ఆయనా చూడలేదండీ."

ఆదివారాల సంగతి నేను ఎత్తకూడదు. అది ఆవిడ నాకు చెప్పుకున్న రహస్యం. ఆ పిల్లే ఎత్తింది.

"ఆదివారాలు క్యారేజీ పట్టికెళ్ళేవోరండీ ఆయనకి. మీకు చెప్పేరా?"

నేను చెరువుల వైపు చూశాను.

"చెప్పే ఉంటారు. ఏదైనా మీకు చెప్తే గానీ తోచేది కాదు ఆవిడకి. నాకు మొదటి వారమే తెలిసిందండీ. ఇద్దరం తినే ఇంట్లో ముగ్గురికి ఉడికితే తెలీదాండీ?"

"మరి నువ్వేమీ అడగలేదా?"

"లేదండీ" అంది. "అడిగితే మానేసేవోరు."